రిబ్బను కట్టిన బొంగు

ఒక క్రిస్మస్ నాడు నేను మా పాస్టరుగారి చేత కోడికూరకు కొవ్వొత్తి వెలిగింపజేశాను. నవ్వకండి, ముందు మొత్తం వినండి. పరువు పోయిన ఈ సంగతి నోరు విప్పి చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అప్పుడు నేను విశాఖలో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్లో ఎవరో కేకు చేస్తుంటే పక్కన నిలబడి చూశాను కాబట్టి నాకు కేకు వచ్చేసినట్టే. అరకు దగ్గర మా ఊరికి ప్రతి ఏడూ బేకరీ కేకు జీపులో వచ్చేది. ఘాట్‌ మలుపులన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి అది కేకో ఉప్మావో పోల్చుకోలేకపోయేవాళ్లం. ఆ ఏడాది ఫోన్లో హుకుం జారీ చేశాను. "ఎవరూ కేకు కొనొద్దు. నేనే చేస్తున్నాను!" మా అన్నయ్య కూతురు చిట్టి ఆ మాట వీధంతా చాటింపు వేసింది. ఇక కేకు కాకపోతే ఆ పిల్ల ముందు నేను తలెత్తుకోలేను.

తీరా వచ్చి చూస్తే ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? పెరట్లో మాత్రం నాన్నమ్మ బొంగు చికెన్ కోసం పచ్చి వెదురు బొంగులు కోయించి పెట్టింది. ముక్కలకు కారం, అల్లంవెల్లుల్లి పట్టించి బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల్లో పెడితే నూనె చుక్క లేకుండా ఉడికిపోతుంది. కోడి ఉడికే చోట కేకు ఉడకదా? ఒక బొంగు లాక్కుని పిండి, ఎండుద్రాక్ష పోశాను.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?" అంది నాన్నమ్మ.

"కేకు, నాన్నమ్మా."

"బొంగులో కేకేటే! నీకు మతి గానీ పోనాదేటి?"

"పోతే పోయింది. కేకు మాత్రం అయి తీరుతుంది."

"మరి కోడి బొంగుల్లో కలిసిపోతే ఎలాగ పోలుస్తావే?"

నేను జడలోంచి ఎర్ర రిబ్బను ఊడదీసి ఆ బొంగుకి బిగించి కట్టాను. "ఇలాగ" అన్నాను గర్వంగా. అంత తెలివి మా వంశంలో ఇంకెవరికీ లేదు.

ఆరాధన నుంచి రాగానే నాన్నమ్మ బొంగులన్నీ మంటలో పెట్టి తిప్పింది. అవి బయటికి వచ్చేసరికి అన్నీ ఒకే నలుపు. రిబ్బను కోసం వెతికాను. మీకు ముందే తెలిసిపోయింది కదూ? నిప్పుల్లో రిబ్బను మిగలదని నాకు మాత్రం అప్పుడే తెలిసింది! వాసన చూస్తే అన్నిటికీ పొగ వాసనే.

"ఏదే నీ కేకు? పాస్టరుగారొచ్చీసినారు, బేగి తే."

ఓడిపోయానని ఒప్పుకునే రకాన్ని కాదు. "ఇదే" అని ఒకదాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాను.

పాస్టరుగారు మూతి ఆకుల్లో కొవ్వొత్తి గుచ్చి వెలిగించారు. "ప్రభువా, ఈ బిడ్డ చేతి తీపిని దీవించు" అని తీరిగ్గా ప్రార్థించారు. చిట్టి ఉఫ్‌మని ఊదింది. కత్తితో బొంగు చీల్చగానే కారం ఘాటుకి ఆయనకు పొలమారింది. లోపలి నుంచి కోడికాలు తొంగి చూసింది.

"కేకు బాగానే ఉడికిందమ్మా" అన్నారాయన దగ్గుతూనే.

చిట్టి గుక్కపట్టింది. మిగిలిన బొంగులన్నీ చీల్చాను. కోడి. మళ్లీ కోడి. అన్నిట్లోనూ కోడే!

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో క్రిస్మస్‌కి నిప్పుల్లోంచి తీసిన మొదటి బొంగు పక్కింటి సోములు మావయ్యకు వెళ్తుంది. వాళ్లు చర్చికి రారు, కానీ వాళ్ల కందులు పండితే మొదటి బుట్ట మాకే. చిట్టిని చంకనేసుకుని పరిగెత్తాను. ఇంటిల్లిపాదీ చేతులు నాకుతున్నారు.

"మావయ్యా, ఇందాకటి బొంగు..."

"ఓలమ్మో, ఈ యేడు మీ కోడి ఎంత మెత్తగున్నాదే! ఒక్క ఎముక లేదు. ద్రాచ్చపళ్లు కూడా ఏసినారు!"

"కొంచెమైనా మిగిలిందా?"

"బొంగు కూడా గీకీసినాం. వొచ్చే యేడు కూడా ఆ జాతి కోడినే కొయ్యండి."

చిట్టి ఏడుపు ఆపి బొంగులో వేలు పెట్టి నాకింది. "అత్తా, కేకే!" అని అరిచింది.

విన్నారుగా, కేకే! అందుకని మా ఊరి కొండల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నిప్పుల్లోకి వెళ్లేదానికి ఈ జన్మలో రిబ్బను కట్టను. ఇనుప తీగ కడతాను.