కప్పు మీదే

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే బస్సులో, జ్వరంతో నిద్రే లేని పాపను భుజాన వేసుకుని కూర్చున్నాను. పాప కాసేపు పడుకుంటే చాలనుకున్నాను. ముందు సీట్లో ఓ పెద్దాయన, ఆయన పక్కనున్న మనిషి హాకీ పోటీల గురించి మన తెలుగులోనే వాదించుకుంటున్నారు.

“ఈతూరి కప్పు మాదేరా. మీ గోల్‌కీపర్ కాళ్ళ సందున ఈ బస్సే దూరిపోతుంది.”

“పోయిన ఏడూ ఇదే చెప్తివి మామా. ఫైనల్‌కే రాకపోతిరి.”

సాత్తూరు దాటాక పాప కళ్ళు మూసింది. పక్కాయన గొంతు ఇంకా పెరిగింది. అంతసేపూ ఒక్క గోలైనా ఒప్పుకోని పెద్దాయన వెనక్కి తిరిగి పాపను చూశాడు. మెల్లగా అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

“సరేరా, కప్పు మీదే. బిడ్డ పండుకొనింది.”

విరుదునగర్ దాకా ఇద్దరూ నోరెత్తలేదు.

ఇప్పుడు పాప నిద్రపోయాక మా ఆయన దేనికైనా వాదనకు దిగితే, “కప్పు మీదే” అంటాను. ఏ కప్పో ఆయనకు తెలియదు. గొంతు మాత్రం తగ్గిస్తారు.