మొదటి పెట్టెలో వేపరెబ్బ

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి జనవరిలో నన్ను వాణిజ్య విలేకరిగా హోసూరుకు వేశారు. ఎగుమతులకు సర్కారు అండా, అడ్డా అన్నది చూసి రాయమని డెస్కు కోరింది. గులాబీలు విదేశాలకు కదిలే కాలమది.

హోసూరు దగ్గరి బేరిగైలో గులాబీ రైతు మునిరత్నమ్మ అంతవరకు దళారి పేరు మీదే పూలు పంపేది. ఆ ఏడు తొలిసారి సొంత పేరుతో పంపుతోంది. సరుకు ఆ సాయంత్రం విమానం అందుకోకపోతే కొత్త కొనుగోలుదారు మళ్లీ పిలవడు. విమానం ఎక్కాలంటే పూలలో పురుగూ తెగులూ లేవని ప్రభుత్వ ధ్రువపత్రం కావాలి. దానిపై సంతకం చేసే తనిఖీ అధికారి కళావతి అదే జిల్లాలోని వేప్పనపల్లి వైపు మనిషి. ఆమె, ఒక సహాయకుడు కలిస్తే అదే కార్యాలయం.

తనిఖీకి ఇద్దరూ మునిరత్నమ్మ షెడ్డుకే వచ్చారు. కొన్ని పెట్టెలు ఎంచి, పూలను తెల్లకాగితం మీద దులిపి, రాలినదాన్ని భూతద్దంతో చూడటం పద్ధతి. మొదట తెరిచిన పెట్టెలో పురుగు లేదు. కుంకుమ అద్దిన వేపరెబ్బ ఉంది.

"ఇది యాడనుంచి వచ్చిందమ్మా?" అని కళావతి అడిగింది.

"నేనే పెట్టినాను మేడమ్. మొదటి పెట్టె కదా, దిష్టి తగలకుండా," అంది మునిరత్నమ్మ.

పత్రంలో గులాబీలని మాత్రమే రాస్తారు. చెప్పని ఆకు ఏది దొరికినా సరుకంతా తిరస్కరించే అధికారం దిగుమతి దేశానికి ఉంటుంది.

లారీతో వచ్చిన రవాణా ఏజెంటు నవ్వేశాడు. "తీసి పారేస్తే సరిపాయె. ఎవురు చూసినారు మేడమ్?"

"నేను చూసినాను కదప్పా."

ఇక నమూనా చూస్తే చాలదంది కళావతి. అన్నీ చూసేసరికి విమానం పోతుందని మునిరత్నమ్మ భయం. సరుకు ఆపేసి రేపు చూద్దామన్నా అధికారిని ఎవరూ తప్పుపట్టరు. కళావతి మాత్రం అన్ని పెట్టెలూ తెరిపించి, ఒక్కొక్కటే చూసి, తన ఎదుటే మూయించింది. చివరి పెట్టెలో ఇంకో రెబ్బ దొరికింది.

"మొదటిదానికి పెట్టి కడాదానికి పెట్టకుంటే ఎట్లమ్మా?" అంది పూలు సర్దే ఆమె. ఏజెంటు తప్ప అందరూ నవ్వారు. కళావతి సంతకం చేసింది. లారీ విమానాన్ని కొద్దిలో అందుకుంది. అవతలి దేశపు విమానాశ్రయంలో అభ్యంతరం రాలేదు. అదే కొనుగోలుదారు మళ్లీ పూలు అడిగాడు.

బేరిగై ఎక్కడుందో ఆ కొనుగోలుదారుకు తెలియదు. ఆ సంతకాన్ని నమ్మి కొన్నాడు. అడిగినవాళ్లందరికీ తేలిగ్గా దొరికే సంతకమైతే దాన్ని ఏ దేశమూ నమ్మదు. ఆ కార్యాలయంలో ఇంకో ఇద్దరు మనుషులు ఉండి ఉంటే లారీ వేళకే కదిలేది. నా వ్యాసంలో రెండు మాటలూ రాశాను.