నేను రాసి రప్పించిన తుపాను

కంప్యూటరుకు తెలివి వచ్చేసింది, ఇక మనుషులకు ఆ బాధ తప్పిందని ఊరూరా సంబరపడుతున్న తొలి రోజులవి. లెక్కకు రెండేళ్లే గడిచినా మా వృత్తిలో అది రాతియుగం. నాకు తొలి ఉద్యోగం దొరికింది అప్పుడే. గూడూరులో టైర్ల షాపు మీద రెండు గదుల కంపెనీ. ఉద్యోగులం ముగ్గురం, కుర్చీలు రెండు. (మూడో మనిషి నిలబడి పనిచేస్తే నడుముకు మంచిదని యజమాని అభిప్రాయం.) ఆయన్ని మేం చాటుగా 'రెండు నిమిషాలన్న' అనేవాళ్లం. ఏ పని చెప్పినా "రెండు నిమిషాల పని గదమ్మా" అనేవాడు. ఆ రెండు నిమిషాల పనులు చేస్తూ నేను ఆరు నెలల పాటు వేళకు ఇల్లు చేరలేదు.

వాకాడు వైపు సముద్రపు ఒడ్డు పల్లెల కోసం, ఫోనులో మాట్లాడే ఒక ఏఐని తయారు చేస్తున్నాం. "రేపు వేటకు పోవచ్చా?" అని అడిగితే అది మా దగ్గరున్న సమాచారం వెతికి జవాబు చెప్పాలి. వెతకడానికి దానికి రెండు టూల్స్ ఇచ్చాం. ఒకటి రేపటి గాలి, అలల అంచనా తెస్తుంది. రెండోది పాత తుపానుల రికార్డు తెస్తుంది. ఏ ప్రశ్నకు ఏది వాడాలో ఏఐకి తెలిసే దారి ఒక్కటే, ఒక్కో టూలు పక్కన మనం రాసిపెట్టే వివరణ. ఆ రాత పని నాకు పడింది. "కాలేజీలో వ్యాసాలకు ప్రైజులు కొట్టినావంట గదా, రాసెయ్. రెండు నిమిషాల పని" అన్నాడు అన్న.

నేను ఊరుకుంటానా? 'సముద్రానికి సంబంధించిన సమస్త సమాచారాన్ని సమగ్రంగా, సత్వరంగా అందించు విశిష్ట సాధనం' అని రాశాను. అంతా 'స'కారాల వరస, చూసుకుని నేనే మురిసిపోయాను. రెండో టూలుకు అదే వాక్యం అతికించి, 'విశిష్ట' తీసి 'విశేష' పెట్టాను. (వైవిధ్యం ఉండాలి కదా.) టూల్స్‌లో తేదీ నింపే గడికి 'తే' అనీ, ఎత్తు గడికి 'ఎ' అనీ పేర్లు పెట్టి పొదుపు కూడా చూపించాను. అన్న చదివి "ఏం భాషమ్మా!" అని పరవశించాడు. ఆ వాక్యంలో ఏముందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏమీ లేదని ఇద్దరికీ తెలియదు.

వారం తిరక్కుండా మా ఏఐని చూపించడానికి ఒక పల్లెకు వెళ్లాం. అక్కడ చేపలమ్మే ఆడవాళ్లందరికీ పెద్ద దిక్కయిన ఒకామెను ఊరంతా పెద్దక్క అంటుంది. సొంతానికి రెండు పడవలున్నాయి. ఆమె ఫోను అందుకుని రేపటి సంగతి అడిగింది. "అలల ఎత్తు ఆరు మీటర్లు. వేటకు వెళ్లవద్దు" అంది ఫోను గంభీరంగా.

పెద్దక్క తలెత్తి ఆకాశం చూసింది. "ఏంది పాపా, పైన చూస్తే కడిగిన పళ్లెం మాదిరి ఉండాదే?"

"మన కంటికి తెలీదక్కా. అది డేటా" అన్నాడు అన్న.

డేటా అన్నాక ఎదురు చెప్పేదెవరు? పడవలన్నీ సరుగుడు తోపుల దాకా లాగేశారు. పాస్టరుగారు బెంచీ మీద బెంచీ వేయించి చర్చి హార్మోనియాన్ని అటకంత ఎత్తుకు ఎక్కించారు. ఒక ముసలమ్మ కోళ్లను గంపకింద మూసి, ఆ గంపను మంచమెక్కించింది. ఇంతమందిని కాపాడుతున్నానని నాకు గుండె ఉప్పొంగింది.

మర్నాడు సముద్రం నూనె పోసినట్టుంది. పక్కపల్లె వాళ్లు పడవల నిండా వంజరం చేపలు తెచ్చుకున్నారు. (వాళ్లకు మా ఏఐ లేదు మరి.) ఫోన్ల మీద ఫోన్లు. ఆఫీసులో వెతికి చూస్తే సంగతి బయటపడింది. ఏఐ రెండు వివరణలూ చదివింది, తేడా దొరకలేదు, చేతికందినదాన్ని వాడింది. ఎప్పటిదో తుపాను లెక్క దొరికింది. 'తే' అంటే ఏమిటో దానికి అంతుపట్టలేదు. ఆ లెక్కనే రేపటిదిగా చెప్పేసింది. "నువ్వు పోయి సర్దిచెప్పి రామ్మా, రెండు నిమిషాల పని" అన్నాడు అన్న.

నేను పల్లెకు చేరేసరికి ఖాళీ బుట్టల పక్కన ఆడవాళ్లు కూర్చునివున్నారు. తిడతారనుకున్నాను. పెద్దక్క "నువ్వు రాసింది చదువు పాపా" అంది, అంతే. చదివాను. అలాంటి వాక్యాన్ని ఖాళీ బుట్టల ముందు గట్టిగా చదవడం కంటే తిట్లే నయం.

"దానర్థమేంది?"

నేను అదే వాక్యాన్ని ఇంకోసారి చదివాను.

"నేను మా ఆయనకు ఎట్టా చెప్తానో విను. 'ఇంటెనక రెండు డబ్బాలుండాయి. ఎర్రమూత దాంట్లో డీజిలు, ఇంజన్లో అదే పొయ్. నల్లమూత దాంట్లో మాడిపోయిన ఆయిలు, దాన్ని పోయబాకు. డీజిలు లేకుంటే లేదని నాకు చెప్పు, నీ తెలివి వాడబాకు.' ఇరవై ఏళ్ల కాపురం పాపా, అయినా ఇంత చెప్పాల. నీ మిషను నిన్న గాక మొన్న వచ్చింది."

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. "ఎక్కువ చెప్పింది గాబట్టి బుట్టలు ఖాళీ. తక్కువ చెప్పుంటే?" అని సముద్రం వైపు చూసింది.

అక్కడే చేపలు వేలం వేసే పాకలో బెంచీ మీద కూర్చుని, లాప్‌టాప్ తెరిచి మళ్లీ రాశాను. ఆమె చెబుతూ పోయింది, నేను రాత తెలుగులోకి మార్చుకుంటూ పోయాను. 'రేపటి అలల ఎత్తు మీటర్లలో, గాలి వేగం చెబుతుంది. వేటకు వెళ్లవచ్చా అని అడిగితే దీన్నే వాడు.' రెండోదానికి: 'జరిగిపోయిన తుపానుల వివరాలు మాత్రమే. రేపటి సంగతికి దీన్ని వాడకు.' రెండింటి కిందా: 'సమాచారం దొరక్కపోతే దొరకలేదని చెప్పు. ఊహించి చెప్పకు.' 'తే'ను తేదీ, 'ఎ'ను ఎత్తు చేశాను. మళ్లీ అడిగితే, ముప్పావు మీటరంది. పెద్దక్క ముందు ఆకాశం చూసి, తర్వాత ఫోను చూసి, "ఇప్పుడు ఇద్దరూ ఒకటే చెప్తాండారు" అంది.

బస్సు తప్పిపోయి ఆమె ఇంట్లోనే ఉండిపోయాను. మర్నాడు పడవలు వెళ్లి నిండుగా వచ్చాయి. పెద్దక్క ఒక వంజరాన్ని సంచిలో వేసి నా చేతికిచ్చింది. ఆఫీసులో అన్న కొత్త వివరణలు చదివి పెదవి విరిచాడు. "ఇందులో సాహిత్యం లేదేమ్మా!"

ఇప్పుడు నేను పెద్ద ఊళ్లో, చల్లటి గదిలో, రోజుకు బోలెడన్ని టూల్స్‌కు వివరణలు రాస్తాను. అన్నీ స్పష్టంగానే ఉంటాయని పేరు కూడా వచ్చింది. కానీ దేన్నీ రెండోసారి చదువుకున్న గుర్తు లేదు. అలాంటప్పుడు ఆ రోజు గూడూరు బస్సులో, కారుతున్న చేపల సంచి ఒళ్లో పెట్టుకుని, పక్కసీటు వాళ్లు ముక్కులు మూసుకుంటున్నా లెక్కచేయక, ఆ ఆరు వాక్యాలనే మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చున్న పిల్ల కళ్లముందు కనిపిస్తుంది. పిచ్చిది, ఎంత సంతోషంగా ఉండిందో!