శౌరమ్మ రెండో ప్రార్థన

గుణదలలో ఆ వీధిలో శౌరమ్మ కుట్టిన జాకెట్టు తొడుక్కోని ఆడమనిషి లేదు. శౌరమ్మ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళూ లేరు. మిషను తొక్కేటప్పుడు కాలాడుతుంది సరే, మంచమ్మీద కూర్చున్నా ఆ కాలు ఆడుతూనే ఉంటుంది. పొద్దున లేస్తూనే టీవీ పెడుతుంది. ఎక్కడో యుద్ధం, అందువల్ల గ్యాసు బండకి కరువంటారు. ఇంకెక్కడో వంతెన కూలిందంటారు. ఎండలు ఇంకా ముదురుతాయంటారు. ఛానలు మారుస్తుంది, అక్కడా అవే. కట్టేస్తుంది, రెండు నిమిషాలు ఆగలేక మళ్ళీ పెడుతుంది.

“నువ్వు చూడకపోతే దేశం ఆగిపోద్దా ఏందే?” అంటాడు భర్త జీవరత్నం, ఆటో తుడుచుకుంటూ.

శౌరమ్మ అవనిగడ్డ దగ్గర పల్లెలో పదో తరగతి ఫస్టుక్లాసులో పాసై, ఆ చదువు అక్కడితో ఆపి పెళ్ళి చేసుకుని వచ్చిన మనిషి. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఇరవై రెండేళ్ళ కిందట వాళ్ళ వీధి చర్చి ఫాదరుగారు ఆమెకొక పని అప్పజెప్పారు. ఆదివారం పూజలో ప్రసంగం అయ్యాక విశ్వాసుల ప్రార్థనలుంటాయి. ఒకరు చదువుతుంటే జనమంతా ఒక్కో ప్రార్థనకీ “ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము” అంటారు. అవి రాసి చదవడం శౌరమ్మ పని. మొదటిది పోపుగారి కోసం, రెండోది దేశ నాయకుల కోసం, ఆ తరవాత రోగులకీ, వానలకీ, చనిపోయినవాళ్ళకీ. మిగతావి వారం వారం మార్చి రాసేది కానీ రెండోదాని జోలికి పోలేదు. “మన దేశాన్ని పాలించే నాయకులకు మంచి బుద్ధినీ ఆరోగ్యాన్నీ ప్రసాదించమని ప్రార్థిద్దాం.” ఢిల్లీలో కుర్చీలు మారాయి, చర్చిలో ఆరుగురు ఫాదర్లు మారారు, ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది. తను ఓటేసినవాళ్ళా కాదా అని చూడకుండా అందరికీ అదే అడిగింది. బుడమేరు వరద ఇంట్లోకొచ్చి కుట్టుమిషను నాలుగు రోజులు నానాక, ఇంట్లో బురద ఇంకా ఆరకముందే వెళ్ళి అదే చదివింది. మొండిది, ఒప్పుకోవాలి.

ఆ మొండితనానికి ఈ మే నెలలో గండం వచ్చింది. కూతురు దీవెనకి ఇరవై నాలుగేళ్ళు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కోసం మూడేళ్ళుగా చదువుతోంది. ఈసారి బాగా రాశానని ఇంటికొచ్చి తృప్తిగా అన్నం తిన్నది. పదో రోజున పేపరు లీకైందని పరీక్ష రద్దు చేశారు. మళ్ళీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేదు. దీవెన ఏడవలేదు, అదే శౌరమ్మని భయపెట్టింది. పిల్ల పుస్తకాలన్నీ రెండు కట్టలు కట్టి గుమ్మం పక్కన పెట్టింది, పాత పేపర్లవాడు రాగానే వేసేస్తానని.

శనివారం సాయంత్రం శౌరమ్మ కాగితం తీసుకుని కూర్చుంది. దీవెన వచ్చి ఎదురుగా నిలబడింది.

“అమ్మా, రేపు ఆ నాయకుల ప్రార్థన చదవనని మాటియ్యి.”

“అదేం మాటే?”

“ఇరవై రెండేళ్ళుగా బుద్ధి ఇమ్మంటున్నావు. వచ్చిందా? నువ్వది చదివావా, నేను మళ్ళీ గుడిమెట్టు ఎక్కను. ఆ పుస్తకాలూ ముట్టుకోను.”

నాయకులు ఎక్కడో ఉన్నారు, పిల్ల కళ్ళెదుట ఉంది. శౌరమ్మ సరేనంది. ఆ వారం నాలుగు ప్రార్థనలే రాసింది. రాశాక కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ వరండాలోకీ పదిసార్లు తిరిగింది. దేవుడి దగ్గర ఒకళ్ళ పేరు కొట్టేసి వచ్చినట్టుంది ఆమెకి. కోపం లేదా అంటే ఉంది, ఒళ్ళంతా ఉంది. కోపమొస్తే అడగడం మానెయ్యాలా అన్నదే తేలలేదు.

ఆదివారం మైకు ముందు నిలబడింది. దీవెన మూడో వరసలో కూర్చుంది. శౌరమ్మ పోపుగారి ప్రార్థన చదివింది, జనం బదులు పలికారు. ఆ తరవాత కాగితం మీద రోగుల ప్రార్థన ఉంది. కళ్ళు దానిమీదే ఉన్నాయి కానీ ఇరవై రెండేళ్ళ అలవాటు నోట్లో ఉంది.

“మన దేశాన్ని పాలించే నాయకులకు...”

అనేసి నాలుక కరుచుకుంది. దీవెన తల ఎత్తి తల్లినే చూస్తోంది. వెనక్కి తీసుకోవడానికి లేదు, అది మైకులో పడ్డ మాట. గుడంతా ఆగిపోయింది, ఫాదరుగారు కూడా తిరిగి చూశారు. మంచి బుద్ధీ ఆరోగ్యమూ అని ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ అనడం శౌరమ్మ వల్ల కాలేదు.

“నాయకులకు... నిద్ర పట్టనియ్యొద్దు ప్రభువా. మా ఇళ్ళల్లో నిద్రపట్టని పిల్లల ముఖాలు వాళ్ళకి కనపడాలి. చెయ్యాల్సింది చేసేదాకా వాళ్ళకి కుదురు లేకుండా చెయ్యమని ప్రార్థిద్దాం.”

జనం బదులు పలికారు, ప్రతివారం పలికే దానికంటే గట్టిగా.

పూజ అయ్యాక దీవెన బయట చెప్పులు వేసుకుంటూ తల ఎత్తలేదు.

“మాట తప్పావమ్మా.”

“తప్పాను. కావాలని కాదే, నోటికొచ్చేసింది.”

“ఇంకా వాళ్ళమీద ఆశ చావలేదా నీకు?”

“చస్తే వాళ్ళ ఊసెందుకు ఎత్తుతాను? అడగాల్సినోళ్ళని అడక్కుండా ఎట్టా ఉండమంటావు?”

దీవెన గేటు దాటి నాలుగడుగులు వేశాక ఆగింది.

“కుదురు లేకుండా చెయ్యమన్నావు, బాగానే ఉంది. మరి పరీక్ష ఏ తారీకున పెట్టాలో చెప్పొద్దూ? తారీకు లేకపోతే నేనెట్టా చదవాలి?”

శౌరమ్మ నడిరోడ్డు మీద కూతురి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. తారీకు అడగాలన్న సంగతి ఇన్నేళ్ళలో తనకి ఒక్కసారీ తట్టలేదు.