కొలబద్ద

డాక్టర్ వీబ్రెక్ట్ హాంబుర్గ్ ఆసుపత్రిలోని ఎక్స్‌రే గదికి రోజూ ఏడింటికల్లా వచ్చేవాడు. ఆ యంత్రాన్ని బిగించింది ఆయనే. రోగిని పిలిచే ముందు దాని కిరణాల గొట్టం వెలిగించి, తెర ముందు తన ఎడమచెయ్యి పెట్టి, ఎముకలు ఎంత నల్లగా పడుతున్నాయో చూసుకునేవాడు. పద్నాలుగేళ్ల పాటు యంత్రం సత్తువకు ఆ చెయ్యే కొలబద్ద. ఆ కిరణాలకు మొదట గోళ్లు పోయాయి, తర్వాత వేళ్లు, నాలుగేళ్ల కిందట మణికట్టు దాకా కోసేశారు. అప్పుడు కుడిచెయ్యి పెట్టడం మొదలెట్టాడు. ఇప్పుడు దానికీ బొటనవేలొక్కటే మిగిలింది. కోటు బొత్తాలు సిస్టర్ హెడ్విగ్ పెడుతుంది. "కాస్త కదలకుండా నిలబడండి డాక్టరు గారూ" అని విసుక్కుంటుంది.

ఈ ఉదయం తుంటి విరిగిన రేవు కూలీ ఒకడు బయట మూలుగుతున్నాడు. గొట్టం వెలిగింది. తెర మీద అయిదు వేళ్ల ఎముకలు కనబడ్డాయి.

"చెయ్యి తీసెయ్యండి సిస్టర్."

"ఎవరిదో ఒకరిది పెట్టాలిగా. పాపం, వాడు గంట నుంచి పడి ఉన్నాడు."

లాగేద్దామని ఆయన చెయ్యి చాచాడు. బొటనవేలు ఆమె ముంజేతి మీద జారిపోయింది. ఆమె కదల్లేదు. బయట మూలుగు హెచ్చింది. ఆయన చూపు తెర మీదికే పోయింది.

"సత్తువ ఇంకాస్త పెంచాలి," అన్నాడు.