అండీ సారు నోట ఒక్క ‘నువ్వు’

భీమశంకరానికి ‘నువ్వు’ అనే మాట నోరు తిరగదు. మనుషుల్ని మన్నించడం సరే, ఈయన మేకల్ని కూడా ‘మీరు’ అంటాడు. సంగారెడ్డి కాలేజీలో ఆటల మాస్టారుగా చేరిన కొత్తలో, బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో పడుకుని నెమరేస్తున్న మేక దగ్గరికి వెళ్ళి, “కాస్త లేస్తారాండీ, ఆట మొదలెట్టాలి” అన్నాడట. మేక లేవలేదు. ఈయనా అదిలించలేదు. ఆ పూట ఆటంతా అవతలి సగం కోర్టులోనే నడిచింది. ఆ సాయంత్రమే పిల్లలు ఆయనకి ‘అండీ సారు’ అని పేరు పెట్టేశారు.

ఈ కథ విని ఊరంతా నవ్వింది, ఒక్క అన్నపూర్ణ తప్ప. ఊరిది ఏం పోయింది, నవ్వుతుంది. ఆవిడ ఆయన పెళ్ళాం. ఆవిడనీ ‘మీరు’ అంటాడు మరి.

గోదావరి జిల్లాలో పెళ్ళయిన కొత్తల్లో, అత్తారింటికొచ్చిన భీమశంకరం అందరి ముందూ “అన్నపూర్ణ గారూ, మీరు భోంచేశారాండీ?” అని అడిగాడు. పెరట్లో గిన్నెలు తోముతున్న వాళ్ళమ్మ చెయ్యి ఆగిపోయింది. కూతుర్ని పక్కకి లాక్కెళ్ళి, “ఏమే, అల్లుడు అప్పుడే అలిగాడా?” అంది. మొగుడు పెళ్ళాన్ని ‘మీరు’ అన్నాడంటే ఆ వైపు రెండే అర్థాలు: ఒళ్ళు మండి అయినా అనుండాలి, వెటకారానికైనా అనుండాలి. ఈయనకి ఆ రెండూ లేవని తల్లిని ఒప్పించేసరికి అన్నపూర్ణకి తల ప్రాణం తోకకొచ్చింది.

పోనీ ఏళ్ళు గడిచాక అలవాటు పడిందా అంటే, అదీ లేదు. పిల్లల్లేరు. సంగారెడ్డి పక్కనే పోతిరెడ్డిపల్లిలో కిరాయి ఇల్లు, చుట్టూ సగం అర్థమై సగం కాని మాటలు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ “మీకు తలనొప్పి తగ్గిందాండీ” అంటే, డాక్టరు అడిగినట్టుండేది గానీ మొగుడు అడిగినట్టు ఉండేది కాదు. “ఒక్కసారి నువ్వు అనండి, మీ సొమ్మేం పోదు” అని బతిమాలింది, పోట్లాడింది, ఒకరోజు అన్నం మానేసింది. ఆయన పాపం నోరు తెరిచేవాడు. పెదాలు ‘ను’ దాకా వచ్చేవి. అక్కడ ఆగి, “రావట్లేదండీ” అనేవాడు.

పాలు పోసే మల్లమ్మది ఇంకో బాధ.

“అమ్మా, మీ సారుకు కండ్లు మంచిగనే అగుపడతయా?” అని అడిగిందోరోజు.

“కనపడతాయి. ఎందుకే?”

“నేనొక్కదాన్నే వస్తె ‘మీరొచ్చారా’ అంటడు. నా ఎనకాల ఇంకెవలొచ్చిన్రా అని రోజు మర్లి మర్లి చూస్తున్న.”

మల్లమ్మ వాళ్ళకి ఒక్కరైతే నువ్వు, నలుగురైతే మీరు. అంతే లెక్క. దేవుడూ నువ్వే, కాళ్ళు మొక్కించుకునే దొరా నువ్వే. అందులో మర్యాదా లేదు, అమర్యాదా లేదు.

ఇక ఆటలో ఈయన తిట్లు వినాలి. “లింగం గారూ, మీకు బుద్ధుందాండీ? రింగు అక్కడుంటే బంతి ఇక్కడెందుకు వేశారండీ? మీరు వట్టి దద్దమ్మలండీ” అనేవాడు. పిల్లలు తలలు వంచుకునేవాళ్ళు. “సారూ, జెర రెండు దెబ్బలు కొట్టరాదు. గీ అండీ అండీ అంటె పానం ఉసూరుమంటది” అనేవాళ్ళు. ఈయన కొట్టేవాడు కాదు. కానీ ఆ టీమ్ మాత్రం చుట్టుపక్కల కాలేజీలన్నిటినీ ఓడించింది.

కాలేజీ ప్రిన్సిపాల్ రాజారావు. ఆయనా కోస్తా నుంచి వచ్చినవాడే. క్రమశిక్షణ అంటే పడి చస్తాడు. చొక్కా పై గుండీ పెట్టుకోకపోతే తప్పు, జుట్టు చెవుల మీదికొస్తే తప్పు, పటాన్‌చెరు బస్సు చెడిపోయి ఆలస్యంగా వచ్చినా తప్పే. దొరికిన ఆటగాణ్ణల్లా టీమ్‌లోంచి తీసెయ్యమంటాడు. ఈయన తియ్యడు. “మీరు మీరు అంటూ వెధవల్ని నెత్తికెక్కించుకుంటున్నారు” అని ఆయన, “వెధవలు కాదండీ, పిల్లలండీ” అని ఈయన. ఇద్దరూ అండీ అండీ అంటూనే కత్తులు నూరుకున్నారు. ఆ విసుగంతా ఇంటికొచ్చేది. భీమశంకరం అన్నం కెలికి లేచిపోయేవాడు, అన్నపూర్ణ ఆ కంచం చూసి తనూ తినేది కాదు.

డెబ్భై రెండులో కాలం కాలేదు. వానల్లేక కొండాపూర్ వైపు బావులన్నీ అడుగంటాయి. లింగం ఆ వైపు పిల్లాడే. తండ్రి లేడు, తల్లి రాజవ్వ ఉన్న రెండెకరాలూ బీడు పెట్టి కూలికి పోతోంది. కూలీ దొరకని రోజే ఎక్కువ. ఆ ఇంటికి మిగిలిన ఆశల్లా ఒక్కటే. పటాన్‌చెరు రోడ్డులో ఉన్న పెద్ద ఫ్యాక్టరీకి బాస్కెట్‌బాల్ టీమ్ ఉంది, ఆ టీమ్ కోసం ఆడే కుర్రాళ్ళని అప్రెంటిస్‌గా తీసుకుంటారు. అక్కడి పెద్దాఫీసరు లింగం ఆట చూడ్డానికి స్వయంగా వస్తానన్నాడు. ఆట నచ్చి, నడవడిక మంచిదని కాలేజీ ఒక్కమాట రాసిస్తే చాలు, నౌకరీ వచ్చినట్టే.

ఆఫీసరొచ్చాడు. లింగం ఆడాడు, ఆడడమంటే అలా ఇలా కాదు. ఆఫీసరు కుర్చీ అంచుకి వచ్చేశాడు. అది చూసి రాజారావుకి ఉత్సాహం వచ్చింది. ఆట ఇంకా నడుస్తుండగానే, ఆఫీసరు మెళ్ళో వెయ్యడానికి తెచ్చిన దండ చేత్తో పట్టుకుని, బూట్లతో కోర్టు గీత దాటి లోపలికొచ్చేశాడు. పైనుంచి బంతి సూటిగా ఆయన బట్టతల మీదికే వస్తోంది. లింగం ఒక్క గెంతులో దాన్ని అందుకుని అన్నాడు:

“సారూ, నువ్వు జెర పక్కకు జరుగు.”

రాజారావు జరగలేదు. బంతి తగిలినా అంత కదిలిపోయేవాడు కాదేమో.

“ఎవర్నిరా నువ్వు అంటున్నావ్?” అన్నాడు.

లింగానికి ప్రశ్న అర్థం కాలేదు. కోర్టు గీత లోపల ఇంకెవరూ లేరు. అమాయకంగా, “నిన్నే సారూ. ఇంకెవలనంట?” అన్నాడు.

అయిపోయింది. దండ అక్కడే పడింది. ఆఫీసరు ఇబ్బందిగా నవ్వి జీపెక్కాడు. సాయంత్రానికల్లా రాజారావు భీమశంకరాన్ని గదిలోకి పిలిచాడు.

“వాణ్ణి టీమ్‌లోంచి తీసెయ్యండి.”

“తీసెయ్యనండి.”

“అదే, తీసెయ్యండి అంటున్నాను.”

“అదేనండి, తీసెయ్యనంటున్నానండి.”

ఆ ఒక్క ‘న’ వినిపించడానికి రాజారావుకి కాస్త టైము పట్టింది. వినిపించాక ఆయన మరి ఆగలేదు. టీమ్ సంగతి తర్వాత, కుర్రాణ్ణి కాలేజీ నుంచే పంపించేస్తానన్నాడు. నడవడిక బాగాలేదని టీసీ మీద రాస్తే ఫ్యాక్టరీ కాదు గదా, గొడ్లు కాచే పని కూడా ఇవ్వరన్నాడు. కాలేజీ కమిటీని పిలిపించాడు.

కమిటీ కూర్చున్న రోజు పొద్దున భీమశంకరం మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళాడు. అన్నపూర్ణకి మనసు ఆగలేదు. క్యారియర్ సర్దుకుని మధ్యాహ్నం కాలేజీకి నడిచింది. ఆకాశం మబ్బుపట్టి ఉంది గానీ అది కురిసే మబ్బు కాదు. వరండా మెట్ల మీద రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది, పక్కన లింగం. “అమ్మా, నా కొడుకు ఏమన్నడని గింత లొల్లి?” అని అడిగింది. ఏమని చెప్తుంది. అన్నపూర్ణ ఆవిడ భుజం మీద చెయ్యేసింది. అటెండరు మొగులయ్య ప్రిన్సిపాల్ గది కిటికీ పక్కన స్టూలేసి, “గీడ కూసో అమ్మా, అన్ని ఇనవడతయి” అన్నాడు.

నిజంగానే అన్నీ వినపడ్డాయి.

“ఇవాళ నువ్వు అన్నవాడు రేపు చెయ్యెత్తుతాడు. పెద్దలు మీరే ఆలోచించండి” అంటున్నాడు రాజారావు.

కమిటీ పెద్ద మాణిక్‌రెడ్డి పటేలుకి భూములు తెలుసుగానీ ఈ గొడవలు పట్టవు. “సదువుకున్నోనివి, నీకు తెల్వదా సారూ. నువ్వెట్లంటె గట్లనే” అన్నాడు.

“ఒక్కమాట చెప్పుకోనిస్తారాండీ?” అన్నాడు భీమశంకరం.

లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆగాడు. ఆ ఆగడం ఇవతల అన్నపూర్ణకి బాగా తెలుసు, పెదాలు ‘ను’ దాకా వచ్చి నిలిచిపోయే చోటది. ఇప్పుడు ‘రావట్లేదండీ’ అంటాడని ఎదురుచూసింది.

“నువ్వు నోరు ముయ్యి, రాజారావూ” అన్నాడు భీమశంకరం.

అన్నపూర్ణ చేతిలో క్యారియర్ గణగణలాడింది.

“ఇప్పుడు నేనన్నది తిట్టేనండి” అన్నాడు భీమశంకరం, మళ్ళీ మామూలు గొంతుతో. “మీకు నొప్పి తగలాలని, తెలిసి, నలుగురి ముందూ అన్నాను. లింగం గారు అన్నది ఇది కాదండీ. కన్నతల్లిని ఎలా పిలుస్తారో మిమ్మల్నీ అలాగే పిలిచారు. మాట ఒకటేగానీ తప్పు ఒకటి కాదు. శిక్ష వెయ్యాలనుంటే తెలిసి అన్నవాడికి వెయ్యండి.”

“చూశారా? ఈయన వాళ్ళని మీరు మీరు అనబట్టే ఇదంతా” అన్నాడు రాజారావు.

“మా నాన్న పెళ్ళిళ్ళలో వంట చేసేవారండీ. తల నెరిసిన మనిషిని బొడ్డూడని పిల్లలు కూడా ఒరే అని కేకేసేవారు. ఆ కేక వింటూ పెరిగాను. ఈ పిల్లల్నీ ఇంట్లో ఒరే అంటారు, చేలో ఏరా అంటారు, రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏమంటారో తెలీదు. రోజుకి ఒక్క గంట ఎవరో ఒకరు మీరు అంటే ఏం పోయిందండీ.”

మామగారు వంటవాడని అన్నపూర్ణకి తెలుసు. ఆ కేక సంగతి మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఇది నోటి జబ్బనుకుంది.

ఈలోగా పటేలు తేరుకున్నాడు. “ఆగుండ్రి. నువ్వు అంటె మీ దిక్కు తిట్టా?” అని అడిగాడు. “మరి మూడేండ్ల సంది నిన్ను నువ్వే అంటున్న గద రాజారావు సారూ. ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“మీరు పెద్దలు. మీ సంగతి వేరండీ.”

“ఏం వేరు? ఆ పోరడు, నేను ఒక్క తీరుగనే మాట్లాడుతం. పోరన్ని ఇడిసిపెట్టు. మంచోడని రాసియ్యి.” ఆ తర్వాత భీమశంకరం వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం లేదు, దిగులే ఉంది. “గని సారూ, ఆ పోరడు తెల్వక అన్నడు. నువ్వు తెలిసి అన్నవ్. నువ్వే చెప్పినవ్ గద.”

“అవునండీ.”

“మరెట్ల?”

“నేను వెళ్ళిపోతానండీ” అన్నాడు భీమశంకరం. తను చెప్పిన న్యాయం తనకే వచ్చి తగిలింది, కాదనడానికి ఏముంది.

బయటికొచ్చి భార్యని చూసి, “మీరెప్పుడొచ్చారండీ?” అన్నాడు. ఇద్దరూ ఖాళీ కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని క్యారియర్ విప్పారు. ఫ్యాక్టరీల పొగ తూర్పున మబ్బులో కలిసిపోతోంది. ఉద్యోగం పోయింది. చేతిలో ఇంకోటి లేదు. అన్నపూర్ణకి భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది, అన్నిటికన్నా ముందు కోపం వచ్చింది.

“ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఇవ్వని మాట, తీసుకెళ్ళి ఆ రాజారావుకి ఇచ్చారా?”

భీమశంకరం చేతిలోని అన్నం ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు.

“అది తిట్టు కదండీ. మీకెలా ఇస్తానండీ?” అన్నాడు.

అన్నపూర్ణ క్యారియర్‌లోంచి ఇంకో గిన్నె తీసింది. పప్పు వడ్డించింది.

నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ చేశారు. గోదావరి వైపు అన్నపూర్ణ వాళ్ళ అన్నగారింట్లో కొన్నాళ్ళు తలదాచుకోవడం, ఆ తర్వాత దేవుడి దయ. సామాను మూటలు కడుతుంటే లింగం వచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ళు తీసుకున్నారు, సోమవారం చేరాలి. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దారంతా వల్లె వేసుకుంటూ వచ్చినట్టున్నాడు.

“సారూ, మీరు పోతున్నవా?” అన్నాడు.

భీమశంకరం మొహం పాలిపోయింది. ప్రిన్సిపాలు తిట్టినా అంత బాధపడలేదు.

“లింగం గారూ, ఆ ‘మీరు’ తీసెయ్యండి. మీ నోట నువ్వే బావుంటుంది.”

“అట్లయితె మంచిదే సారూ. నువ్వు పోతున్నవా?”

“అవునండీ, పోతున్నాను.”

“నువ్వు పోకు సారూ” అన్నాడు లింగం. అని, కళ్ళు తుడుచుకుని, పెద్ద ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండుకి నడిచాడు.

ఇల్లు బోసిగా ఉంది. బయట వాన ఇంకా రాలేదు. మిగిలిన దుప్పటి మడతపెడుతూ అన్నపూర్ణ, “తిట్టులా వద్దు లెండి. లింగం అన్నట్టు అనండి” అంది.

భీమశంకరం గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పెదాలు ‘ను’ దాకా వచ్చాయి.

“నువ్వు...” అన్నాడు.

అన్నపూర్ణ చేతిలో దుప్పటి ఆగిపోయింది.

“...కాస్త మంచినీళ్ళు ఇస్తారాండీ?” అన్నాడు.

సగమైనా వచ్చింది, మిగతా సగం గోదావరి నీళ్ళు తాగాక వస్తుందిలే అనుకుంటూ, ఆవిడ కుండ దగ్గరికి లేచింది.