అయ్య వంతు కూరచేప

కొత్త ఒంటిసబ్బు కొన్నరోజున మా అమ్మ దాన్ని ముందు నాలుగు ముక్కలు చేసేది. కత్తితో కోస్తే పొడి రాలి వృథా అవుతుందని, వల అల్లే నైలాను దారాన్ని రెండు చేతులా బిగపట్టి కోసేది. ఒక ముక్క పూర్తిగా అరిగిపోతే తప్ప రెండోది బయటికి రాదు. మిగతావి ఎక్కడ దాస్తుందో నా పెళ్ళయ్యాక గాని చెప్పలేదు. బియ్యం డబ్బాలో దాచేదట. మా అన్నం ఎందుకలా వాసన వేసేదో నాకు అప్పుడు తెలిసింది.

ఇలాంటివి చెప్తే జనం నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఎవరైనా పొదుపు గురించి గొప్పగా మాట్లాడితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పొదుపు చేసి అప్పు తీర్చినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. రూపాయి మిగల్చకుండా తీర్చారు. ఆ సంగతే చెప్తాను.

మాది శ్రీకాకుళానికి తూర్పున సముద్రం ఒడ్డు ఊరు. అయ్య వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. నేనొక్కదాన్నే కూతుర్ని. రెండువేల పది దాటాక ఒక తుఫానుకి మా పాత తెప్ప, వలలు కొట్టుకుపోయాయి. అయ్య సావుకారు దగ్గర అప్పు తెచ్చి ఫైబరు పడవ, ఇంజను, వలలు కొన్నాడు. మా ఒడ్డున ఇలాంటి అప్పుకి ఒక పద్ధతి ఉంది. అప్పు తీరేదాకా ఆ పడవ మీద పడిన చేపంతా సావుకారు కాటాకే వెళ్ళాలి. పక్కన వేలంపాటలో వంజరం చేప ఎంత పలికినా మనకి అక్కర్లేదు, ఆయన చెప్పిందే ధర. అందులోంచి పడవలో వెళ్ళినవాళ్ళ వాటాలు పోగా మిగిలింది వడ్డీకి చాలితే గొప్ప.

సావుకారు చెయ్యి పెట్టని చేప ఒక్కటే ఉండేది, అది కూరచేప. పడవ ఒడ్డుకి రాగానే ఇంటి కూరకని ఒక్కొక్కరికి కొన్ని చేపలు పక్కకి తీస్తారు. ఎంత గట్టి సావుకారైనా దాన్ని కాటాలో వెయ్యడు. అది తినే చేప, దాన్ని అమ్ముకోవడం మా వాళ్ళలో నామోషీ.

పడవని మొదటిసారి నీళ్ళలోకి దింపిన రోజు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, అందరూ గంగమ్మకి దండం పెట్టుకున్నారు. అందరిలాగా వేట బాగా సాగాలని మొక్కుకుంటే పోయేది. మా అయ్య మాత్రం అందరికీ వినబడేలాగా, "పడవ మనదయ్యీదాకా దీని సేప నా నోట్లో ఎట్టను తల్లీ" అన్నాడు. ఎవరడిగారు ఆయన్ని? గంగమ్మ అడిగిందా, సావుకారు అడిగాడా? చేప లేకపోతే అన్నం సయించని మనిషి. చారు పోస్తే, ఇంట్లో ఎవరికి జ్వరమని అడిగే మనిషి.

అమ్మ ఇంటికొచ్చాక, "తినకపోతే ఏటి సేస్తావు మరి నీ వంతు?" అంది.

"అమ్మేసీ," అన్నాడు అయ్య.

అలా మొదలైంది. సావుకారు లెక్కలోకి రాని చేప అదొక్కటే గనక, దాంతోనే సావుకారు అప్పు తీర్చాలని ఇద్దరూ అనుకున్నారు. మొదట ఆ కూరచేపలో అయ్య తినే వంతు ఒక్కటే అమ్మేవాళ్ళు. తరవాత అమ్మ తన వంతూ అందులో కలిపింది. ఆ తరవాత నా వంతు. తలలూ తోకలూ మాకు మిగిలేవి. ఆడవాళ్ళు ఒడ్డున, "ఓలప్పా, కూర కూడా అమ్ముకుంతన్నావేటి" అని దెప్పేవారు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గంప ఎత్తుకునేది, వాళ్ళకి జవాబిచ్చేది కాదు. జవాబులన్నీ ఇంటికి తెచ్చి మా మీద తీర్చుకునేది.

అమ్మ గంప అరసవల్లి వీధుల్లో తిరిగేది. సూర్యుడి గుడి ఉన్న ఊరు గనక అక్కడ ఆదివారం చేప ముట్టని ఇళ్ళు ఎక్కువ, అందుకే, ఆ ఒక్కరోజూ టౌనులో బజారు మూల కూర్చునేది. ఆటోవాడు మనిషికొక డబ్బు, గంపకొక డబ్బు అడిగేవాడు. గంప ఖర్చు దండగని, ఆ మేరకి చార్జీ తగ్గేలా అమ్మ రెండు ఊళ్ళ ముందే దిగిపోయి నడిచేది. వేసవిలో తారు రోడ్డు మీద ఆ నడక ఎలా ఉంటుందో నేను ఒక్కసారే వెళ్ళి తెలుసుకున్నాను. దారిలో సోడా అడిగితే, "సోడాలో ఏటుంటాది, గాలి. గాలి ఇక్కడ ఊరికినే ఉన్నాది, పీల్సు" అంది.

ఫోను కూడా ఖర్చు లేకుండానే వాడేవాళ్ళు. సముద్రంలోంచి వస్తూ టవరు అందగానే అయ్య మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒకసారి మోగి ఆగితే చిన్న గంప చాలు. రెండోసారి కూడా మోగితే పెద్ద గంప, ఐసు. అసలు మోగకపోతే చేప లేదు, ఒడ్డుకి రావక్కర్లేదు. పొరపాటున నేను ఫోను ఎత్తేస్తే ఇద్దరి చేతా తిట్లు. అయ్య కాల్ చేసి మాట్లాడగా నేను వినడం ఆ ఏళ్ళలో చాలా తక్కువ. ఆయన గొంతు నాకు ఫోనులో ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా రాదు.

ఆయన వేటకి తీసుకెళ్ళేది చద్దన్నం, ఉల్లిపాయ, చింతపండు పచ్చడి. పక్కవాళ్ళు పడవలోనే పొయ్యి పెట్టి పచ్చి చేప పులుసు కాచుకునేవారు. ఆ వాసన వస్తుంటే అయ్య అటు తిరిగి కూర్చునేవాడని, పడవలో ఆయనతో వెళ్ళే మా చిన్నాన్న వరసాయన చెప్పేవాడు. మిగతావాళ్ళు తాగడానికి నీళ్ళ క్యానులు కొనేవారు. అయ్య బోరింగు నీళ్ళు పట్టుకెళ్ళి, అవీ పొదుపుగా తాగేవాడు. నడుం నొప్పికి కిళ్ళీకొట్టులో దొరికే మాత్ర ఒకటి వేసుకునేవాడు. డాక్టరు కంటే అది చవక.

నెలకోసారి అమ్మ డబ్బు తీసుకుని సావుకారు దగ్గరికి వెళ్ళేది. ఆయన నోట్లని అంచులు పట్టుకుని లెక్కపెట్టేవాడు.

"నీ డబ్బులు ఎప్పుడూ నీసు కంపేనే," అన్నాడొకసారి.

"మీ కాటా ఏటి అత్తరు వాసనొస్తాదా బాబూ," అంది అమ్మ. ఆయన నవ్వేశాడు. వడ్డీ మాత్రం తగ్గించలేదు.

ఏళ్ళు పట్టింది. ఒక ఏడు ఇంజను పాడై అసలు మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకో ఏడు వల తెగింది. నేను ఇంటర్‌తో చదువు మాని జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను, ఆ డబ్బూ అందులోకే వెళ్ళింది. ఈలోగా నా పెళ్ళి కూడా గుడిలో దండలతో అయిపోయింది. నాకు దాని మీద బెంగ లేదు. పెళ్ళి భోజనంలో అందరికీ చేప వడ్డిస్తూ అయ్య మాత్రం పప్పుతో తిన్నాడు, దాని మీద ఉంది. ఆ చేపలు మా పడవవే. వేరే పడవ చేప కొని పెడతానన్నా వినలేదు. "మొక్కులో కంతలు ఎతక్కూడదు" అన్నాడు.

చివరి ఏడాది ఆయన పాదాలు పొంగడం మొదలెట్టాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. పొద్దున్న మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యేవి. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా రక్తపరీక్ష చేయిద్దామని పోరేదాన్ని. "కొంచెమే ఉన్నాది అప్పు. అది తీరనీ, ఎల్దుము" అనేవాడు. అమ్మా అదే మాట. ఇద్దరికిద్దరూ సరిపోయారని నేను తిట్టి, ఏడ్చి, మా అత్తారి ఊరు వెళ్ళిపోయేదాన్ని.

అప్పు తీరింది. చివరి డబ్బు ఇచ్చిన సాయంత్రం సావుకారు, "ఇంక నీ సేప నీ ఇష్టం" అన్నాడట. అమ్మ నాకు కాల్ చేసింది, మిస్డ్ కాల్ కాదు. "రేపు పులుసు కాస్తన్నాను. మీ ఆయన్ని తీసుకుని రాయే" అంది. అంత సంతోషంగా ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. చింతపండు నానబెట్టిందట, మామిడికాయ తెచ్చిందట.

మేము వెళ్ళేసరికి అయ్య మంచం మీదే ఉన్నాడు. తెల్లవారుజామున లేవబోయి వాంతి చేసుకుని పడిపోయాడు. పడవ ఆయన లేకుండానే వేటకి వెళ్ళింది. కూరచేప తెచ్చి చిన్నాన్న గుమ్మంలో పెడితే దాన్ని ఎవరూ చూడలేదు. ఆటో మాట్లాడుకుని పెద్దాసుపత్రికి పోయాం. ఆ రోజు గంప లేదు కాబట్టి ఆటోవాడు మనుషుల డబ్బే తీసుకున్నాడు.

కిడ్నీలు. మా జిల్లాలో ఈ మాట కొత్త కాదు, ఉత్తరాన కొన్ని ఊళ్ళలో ఇంటికొకరు ఉంటారు. డాక్టరు నీళ్ళ గురించి అడిగాడు, నొప్పి మాత్రల గురించి అడిగాడు. వాటివల్లే వచ్చిందని అనలేదు, కాదనీ అనలేదు. ముందే వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అన్నాడు. అమ్మ ఆ మాటని పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు. బోరింగు నీళ్ళు అందరూ తాగుతారు, నొప్పి మాత్రలు అందరూ వేసుకుంటారు, నీ తప్పేమిటని నేను ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతుంది గాని నమ్మదు. నేనూ పూర్తిగా నమ్మి చెప్పడం లేదు.

ఉప్పు మానేయాలన్నాడు డాక్టరు. ఎండుచేప అసలు వద్దన్నాడు, పచ్చిచేప కూడా ఇప్పట్లో వద్దన్నాడు. అయ్య ఆ చివరి మాట దగ్గర అమ్మ మొహం చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. చిన్నగా నవ్వి, "పోనీలే, అలవాటేగా" అన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో ఉప్పులేని వంట. ఆయన ఒక్కడూ చప్పగా తినడం చూడలేక అమ్మ కూడా ఉప్పు మానేసింది. అప్పు తీర్చడానికి ఎంత పట్టుదలగా ఉందో పథ్యానికీ అంతే పట్టుదల. డయాలిసిస్‌కి వారానికి రెండుసార్లు వెళ్ళేవాడు. అయిపోయాక అయ్య ఆసుపత్రి నుంచి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు, అమ్మ అన్నం వార్చేది. ప్రయాణాలకీ మందులకీ పడవని చిన్నాన్నకే అమ్మేశారు. అంత కష్టపడి విడిపించిన పడవ మా పేరున ఒక్క వేసవి కూడా ఉండలేదు.

ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. పక్కింట్లో కవళ్ళ చేపలు వేయిస్తున్నారు. అయ్య చాలాసేపు ఆ వాసనకి కళ్ళు మూసుకుని కూర్చుని, "ఒసే, ఒక్క ముక్క ఎట్టే. ఒక్క ముక్కకి ఏటవుతాది" అన్నాడు. జన్మలో ఆయన ఇంట్లో ఏదీ అడిగి ఎరగడు.

అమ్మ చేతిలో పని ఆపింది. "ఇప్పుడొద్దయ్యా. నయమవనీ, తిందువుగాని. కడుపునిండా ఎడతాను" అంది.

"అలగే," అన్నాడు. ఇంక అడగలేదు. ఆ వర్షాకాలం దాటలేదు ఆయన.

పోయినవాళ్ళకి పెద్దదినం నాడు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టడం మా వాళ్ళ ఆచారం. వేటకెళ్ళేవాడికి చేప లేకుండా ఆకు వెయ్యరు. ఆ పొద్దున అమ్మ ఒడ్డుకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. పడవలొచ్చి పాట మొదలైంది. అమ్మ కొంగుముడి విప్పి డబ్బు చేతిలో పట్టుకుని నిలబడింది. చిన్నాన్న మమ్మల్ని చూసి వంజరం ఒకటి మోసుకొచ్చాడు.

"ఇది పాటకి కాదొదినా. అన్న వంతు కూరకి తీసినాను. తీసుకెల్లు."

అమ్మ డబ్బు మళ్ళీ ముడేసుకుంది. అంత పెద్ద వంజరం అరసవల్లిలో ఎంత పలుకుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఒడ్డున లేరు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. తోమింది తనే, కోసింది తనే. మామిడికాయ వేసి పులుసు కాచింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ఆకు వేసి, అన్నం పెట్టి, పెద్ద ముక్కలు ఏరి వడ్డించింది. అందరూ దండం పెట్టుకున్నాక తలో ముద్ద తిన్నారు. నేను నోట్లో పెట్టుకోగానే తెలిసింది, పులుసులో ఉప్పు లేదు. చుట్టాలకీ తెలిసినట్టుంది. ఒకరి మొహాలొకరు చూసుకుని తింటున్నారు. అమ్మ చివరికి తను ఒక ముద్ద పెట్టుకుంది. ఉప్పు మాని మాని నాలుకకి అలవాటైపోయిందేమో, ముద్ద మింగాక గాని తెలియలేదు.

లేచి వెనక వసారాలోకి వెళ్ళింది. చేపలు ఎండబెట్టడానికి వాడే ఉప్పుకుండ అక్కడే ఉంటుంది. గుప్పెడు కల్లుప్పు తెచ్చి అయ్య ఆకు ముందు కూర్చుంది. చిటికెడు కాదు, గుప్పెడంతా ముక్కల మీద పోసింది.

"తినయ్యా," అంది. "ఇంకెవులూ వద్దన్రు."

ఆ చెయ్యి అలాగే ఆకు మీద పెట్టుకుని కూర్చుంది. మేము పిలిచినా లేవలేదు.